సగం నిద్ర

గిరింపేటలో మా అంగడి.
మూడు కంప్యూటర్లు, ఒక ఫ్లెక్స్ మిషను.
"పూర్తిగా ఆపేసి పో అబ్బోడా,
కరెంటు బిల్లు మీ మామ కడతాడా?"
మొగిలయ్యన్న రోజూ అనే మాటే.
నేను రోజూ నిద్రపుచ్చి వస్తా.

తెల్లారి మౌస్ కదిపితే చాలు,
నిన్న ఆపిన అక్షరం పక్కనే
గీత కొట్టుకుంటా ఉంటాది.
ఆపేస్తే అన్నీ మళ్ళీ తెరవాల, ఫాంట్లు వెతకాల,
నేనెవురో దానికి మళ్ళీ చెప్పుకోవాల.

రాత్రి రెండుకు వాచ్‌మన్ డిల్లీబాబు ఫోను:
"అన్నా, మీ అంగట్లో ఎవురో ఉండారు.
షట్టరు కింద వెలుతురు."

పోయి ఎత్తితే
కీబోర్డు మీదినుంచి ఎలక దుమికి పారిపాయ.
తెర మీద కుప్పమ్మక్క.
పదకొండో దినం ఫ్లెక్సు.
కొడుకులిద్దరూ ఎవురి పేరు ముందో తేల్చుకోలేక
సగంలో వదిలిపోయినారు.
వెనకున్న గోడ చెరిపేసినా గానీ
ఇంకా పూలదండ వెయ్యలా.
ఒక్కతే, తెల్లటి ఖాళీలో,
ఆధార్ కార్డు బెదురు చూపుతో
మేలుకోని ఉండాది.
తేదీ ఉండాల్సిన చోట
ఎలక కొట్టిన ఝఝఝఝఝ.

అవి చెరిపినా.
భద్రపరచాలా అంటే అవునన్నా.
ఆనక, మొదటిసారి, పూర్తిగా ఆపినా.

ఫ్యాను ఆగింది.
మూలనుండే నారింజ దీపం కూడా ఆరింది.
ఇంత చీకటి
ఈ అంగట్లో ఉందని నాకు తెలీదు.

పొద్దున పెద్ద కొడుకు మెట్ల మీద నిలబడి
"ఏమప్పా, మా అమ్మ యాడ?" అన్నాడు.
తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగతా ఉండాయి.
"లేస్తా ఉండాది," అన్నా.
"రెండు నిమిషాలు కూర్చో."