అదే ఫైలు

నాంపల్లి కోర్టు గోడ పక్కన
సబీహా డీటీపీ సెంటర్.
ఉచితంగా దొరికేది ఎక్కించి ఇచ్చాను,
పైసా ఖర్చు లేదక్కా అని.

మూడోరోజే ఫోను.
పన్నెండో పేజీలో పేరా జారి
సంతకం గీత ఒక్కటే పదమూడుకు పోయింది.
వాది మల్కయ్య పేరున్న చోట
మూడు ఖాళీ డబ్బాలు.

"మంచిదే కావచ్చు తమ్మీ.
వకీల్ సాబ్ దగ్గర పాతదే,
గుమాస్తా దగ్గర పాతదే,
ఎదురు పార్టీ దగ్గరా అదే.
కొట్లాడాలన్నా
ఇద్దరికీ ఒకటే ఫైలు తెరుచుకోవాలె గదా!"

పాతదే మళ్లీ ఎక్కించాను.
అమీర్‌పేటలో ఫీజు కట్టి
నేను నేర్చుకున్నదీ అదే.
ఎందుకని అడగలేదప్పుడు,
లైను పొడుగ్గా ఉంది, నిలబడ్డాను.

వేడివేడి కాగితం మీద
మల్కయ్య వేలు ఆగింది,
చదువు రాదు:
"ఈసారి ఉన్ననా బిడ్డా, ఇండ్ల?"