నిలబడి చెప్పే మాట

చుట్టుగుంట దగ్గర మా ఆఫీసు మూడో అంతస్తులో
ఒక గదిలో కుర్చీలు తీసేశారు.
తొమ్మిదింపావుకి అందరూ గోడ ముందు నిలబడాలట,
తలా మూడు ముక్కలు చెప్పాలట:
నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు,
ఎక్కడ అడ్డుపడింది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ గిడ్డంగుల సంస్థలో
అడ్డుపడినదానికి ఒకటే జవాబు:
"ఫైలు పైకెళ్ళింది."
పైన ఏముందో ఎవరూ చూసి రాలేదు.

ఆ రెండు వందల పన్నెండు పేజీలు రాసింది నేనే.
సరుకు దిగిన దగ్గర్నుంచి తాళం పడేదాకా
ప్రతి అడుగూ ముందే తెలిసినట్టు.
ఎర్ర అట్ట, ఏడు సంతకాలు.
ఆఖరి సంతకం పడేసరికి
మిర్చి రెండు పంటలు వచ్చి వెళ్ళాయి,
సంతకాలు పెట్టినవాళ్ళలో ఇద్దరు రిటైరయ్యారు.
ఇప్పుడది మస్తాన్‌వలి మానిటర్ కింద ఎత్తుపీట.
రోజూ దాని వెన్ను నాకు కనిపిస్తుంది.

కోచ్ శ్రీనిజకి ఇరవై తొమ్మిదేళ్ళు.
మొదటిరోజు పదకొండుసార్లు తుమ్మింది.
ఘాటు మాకు అలవాటు, లెక్కపెట్టడం కూడా.
తుమ్ముల మధ్యే చెప్పింది:
"మొత్తం ఒకేసారి కట్టకండి.
చిన్నది కట్టండి, చూపించండి,
తిట్లు తినండి, మళ్ళీ కట్టండి."
తిట్ల దగ్గర
జనరల్ మేనేజర్‌గారు పెన్నుకి మూత పెట్టేశారు.

గోడ మీద పసుపు చీటీలు.
చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి.
సున్నం గోడ, పైన మిరప ధూళి, నెత్తిన ఫ్యాను,
రాత్రికి రాలిపోయేవి.
పొద్దున్నే ఊడ్చే ఏసుమణి వాటిని ఏరి
ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అంటించేది.
ఓ సోమవారం "అయినవి" కింద ముప్ఫై నాలుగు!
పైనుంచి అభినందన పత్రం దిగింది.
నిజం చెప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఒకరోజు శ్రీనిజని యార్డుకి తీసుకెళ్ళాను.
ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
గేటు దగ్గర హమాలీ ముఠా నిలబడి ఉంది.
ఎవరు ఏ లారీకి, ఎవరికి నడుం పట్టేసింది,
ఏ కొట్టు ముందు బురద,
నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.
ఆమె కళ్ళు మెరిశాయి, ఫోన్ బయటికి తీసింది.
"ఎప్పట్నుంచి ఇలా నిలబడి మాట్లాడుకుంటున్నారు?"
మేస్త్రి నాగూర్ మీరా తలగుడ్డ దులుపుకున్నాడు.
"కూర్చోడానికి చోటెక్కడుందమ్మా."

ఫోన్ లోపల పెట్టుకుంది.
ఆటోలో ఆఫీసు దాకా మాట్లాడలేదు.
ఆ పిల్ల మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

రెండు వారాలకి కట్టింది ఒక్కటే:
సరుకు లోపలికి చేరగానే
రైతు ఫోనుకి లాట్ నంబరు.
చేరింది. ఇంగ్లీషులో చేరింది.
పెదనందిపాడు నుంచి ఒకాయన మెట్లెక్కి వచ్చి
ఫోను నా బల్ల మీద పెట్టి
"లోను కట్టమంటున్నారా?" అన్నాడు.

ఇదివరకైతే ఆ ప్రశ్నకి ఓ ఫైలు, ఓ ఏడాది.
గురువారానికల్లా తెలుగు:
"మీ ముప్ఫై టిక్కీలు నాలుగో గదిలో భద్రం."
భద్రం అన్న మాట నేను పెట్టించాను.
నా ఎర్ర అట్ట పుస్తకంలో అది ఏ పేజీలోనూ లేదు.

సంస్థ మారిందా అంటే,
ఆరు అంతస్తుల్లో ఒక గోడ మారింది.
నాలుగో అంతస్తువాళ్ళు
నిలబడే సమావేశానికి సంతకాల రిజిస్టరు పెట్టారు.

నిన్న నా వంతు.
చల్లగది నిల్వకీ అద్దె వసూలుకీ
లెక్క ఎందుకో కలవడం లేదు.
పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది,
అలవాటుగా పైకి కూడా చూశాను.
ఫ్యాను తిరుగుతోంది.

"నాకు తెలియదు" అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు.
మస్తాన్‌వలి ఒక్క తుమ్ము తుమ్మి,
"పదండి మేడం, ఇద్దరం చూద్దాం" అని
పక్క గదిలోంచి
రెండు కుర్చీలు లాక్కొచ్చాడు.