వాలు

కళింగపట్నం దీపస్తంభం అగ్గిపుల్లంత అయ్యాక
దానయ్య ఇంజను ఆపాడు.
ముందు పసుపు బుడ్లు నీళ్ళమీద వరసకట్టాయి,
తర్వాత తీగ, తీగ నడుమ పరికరం,
ఆఖర్న, పలాసలో తుక్కు కింద కొన్న
పాత గూడ్సు చక్రాలు మూడు.
ఎన్ని ఊళ్ళు తిరిగాయో!
ఇక ఒక్క అంగుళం కదలకపోవడమే వాటి ఉద్యోగం.
చక్రాలు మునగ్గానే బుడ్లన్నీ పరిగెత్తుకొచ్చి
బుడుంగున ఒక్కొక్కటే లోపలికి పోయాయి,
బడిగంట విన్న పిల్లల్లా.

పది నిమిషాలకోసారి అది కూత వేస్తుంది.
నీళ్ళు బదులు పలకవు.
నీళ్ళతో కొట్టుకుపోయే నలుసులు, రొయ్యపిల్లలు,
వంశధార తోసిన మట్టిరేణువులు పలుకుతాయి.
దగ్గరయ్యే కూత సన్నం, దూరమయ్యేది బొంగురు.
ఆమదాలవలస గేటు దగ్గర నిలబడ్డ ఎవరికైనా
ఈ లెక్క తెలుసు.

సూరాడ దానయ్య నవ్వాడు.
"ఇంతోటి దానికి ఇంత సామానా?
వలతాడు బొటనేలికి సుట్టుకుంటే
నీరు ఏ పక్కకెల్తందో అదే సెప్తాది.
సివరాత్రి ఎల్లేక గోపాలపూరు,
దీపాలమాస దాటేక బీమిలి.
మద్దిన ఏటి సేత్తాదో దానికే తెల్దు."

ఏడాదికి మళ్ళీ వెళ్ళి పిలిచాం.
మొదటి పిలుపుకి పలకలేదు. రెండోదానికీ.
ఫల్గుణరావు గారు గడియారం చూడ్డం మానేసి
గుప్పిట్లో తాయెత్తు పట్టుకున్నారు.
మూడోసారి అడుగున కొక్కెం వదిలింది.
బుడ్లు తేలాయి, నాచు పట్టి, గుల్లలు కాపురం పెట్టి.
తీగకు ఎవరిదో నీలం వల ముక్క.
చక్రాలు అక్కడే ఉండిపోయాయి.

లెక్కలు విప్పితే అంతా దానయ్య చెప్పినట్టే,
ఒక్కచోట తప్ప.
మార్చి పందొమ్మిది రాత్రి
పరికరం నలభై డిగ్రీలు వాలింది.
తొమ్మిది గంటలు అట్లాగే ఉండి
ఒక్క కుదుపుతో నిటారుగా లేచింది.
ఇరవై దాటిన వాలును నమ్మకూడదు, మా నియమం.
యాభై నాలుగు గడులకు ఎర్రరంగు పూసి కొట్టేశాను.

ఆదివారం బందరువానిపేట ఇసకలో
దానయ్య వల అల్లుతున్నాడు. సగం పాతది, సగం కొత్తది.
పాత సగం నీలం.
నా చూపు ఎక్కడాగిందో చూశాడు.
"ఆ రేతిరి వడి ఎక్కువ. వల కొట్టుకుపోయి నీ సామానుకి సుట్టీసుకున్నాది.
ఇంజనేసి లాగితే వచ్చీసును.
నీ తీగ తెగును.
ఏడాది పని గదా, తెల్లారగట్ట నానే కత్తెట్టి కోసీసినాను."
సూదిలో దారం ఎక్కించుకుంటూ అడిగాడు,
"ఇంతకీ ఆ రేతిరి అది ఏటి రాసినాది?"

నేను సముద్రం వైపు చూశాను.

సోమవారం ఎర్రరంగు తీయలేదు. నియమం నియమమే.
కారణం అన్న గడిలో అప్పటిదాకా
తెలియదు అని ఉంది.
అది చెరిపి రాశాను:
సూరాడ దానయ్య, ఐదుగురు కళాసీలు, సగం వల.