ఆరు అంకెలు

సిరొంచ తహసీలు ఎదురుగా నా జిరాక్సు షాపు.
రాత్రి పదకొండు కావస్తోంది.
నర్సింగు సీఈటీ ఫారానికి ఇయ్యాలే ఆఖరు తారీఖు.

తెల్ల గోడ లేదు.
తమ్ముళ్లిద్దరు వెనక ధోవతి పట్టుకుంటే ఫోటో అయింది,
మూలకు పడ్డ బొటనవేలు కత్తిరించిన.

పేరు సారక్క, అన్నది తల్లి.
బళ్లో మరాఠీ సారు సారికా అని రాసుకున్నాడు.
మెమోలో ఏదుంటే అదే నీ పేరు పిల్లా, అన్న.
మాతృభాష గడిలో మాత్రం
నన్నడగకుండనే తెలుగు నొక్కింది.

వంతెన దాటితే అంతా మన మాటే,
అక్కడ మనం నాన్‌లోకల్.
ఇటు గడ్చిరోలి దాకా
రెండొందల కిలోమీటర్ల మరాఠీ.

ఓటీపీ పోచం ఫోనుకు పోయింది.
పోచమేమో ప్రాణహిత అవతల, మిరప కల్లం కావలిలో.
అంకెలు రావు.
టైము పది నిమిషాలు.

"ఎట్ల కనవడ్తున్నయి నాయినా?"
"మొదాలు కొడవలి, బిడ్డా.
గుడ్డు. మల్ల గుడ్డు.
తలకిందుల కుర్చీ.
నిలవెట్టిన కట్టె."
ఆరోదానికి చాలాసేపు ఆగిండు.
"నెలలు నిండిన మనిషి లెక్క,
పొట్ట కిందికి జారి..."

ఏడు, సున్నా, సున్నా,
నాలుగు, ఒకటి, ఆరు.

తెర మీద చక్రం తిరిగింది. తిరిగింది.
ఫోన్ల ఆయన ఊపిరి, ఎక్కడో కుక్కలు.

రెండు కాపీలు తీసిన,
ఒకదానికే పైసలు తీసుకున్న.
అయింది నాయినా, అని పిల్ల అరుస్తున్నా
సిగ్నలు అందక
ఆయన మల్ల మొదటికెల్లి చెప్తనే ఉన్నడు:
కొడవలి, బిడ్డా. గుడ్డు.