మునిగినవాటి లెక్క

అక్టోబరుకి లువాంగ్వా నది
సగం ఇసుక, సగం బురద.
మిగిలిన నీళ్లలో నీటిగుర్రాలు
సంతరోజు బస్సులో జనంలా
ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించి.

యోతాముకి నడవడం తప్ప తొందర లేదు.
బడిపిల్లల నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు.
"తేలినవాటిని అందరూ లెక్కపెడతారు," అంటాడు,
"మునిగినవాటి కోసం నిలబడేవాడికే జీతం."
నిలబడతాను. నలభై మూడు అంటాను.
అప్పుడే ఒకటి లేచి ఫూమని నీళ్లు చిమ్ముతుంది,
నా అంకె మీద తుమ్మినట్టు.

ఎదుటి గట్టంతా జల్లెడ.
ప్రతి బొక్కలోంచీ ఒక ఎర్రటి పిట్ట
తేనెటీగ వెంట దూసుకుపోయి
వేల బొక్కల్లో తన బొక్కకే తిరిగొస్తుంది.
వాటిని లెక్కపెట్టమని మాకెవరూ చెప్పలేదు.
ఇసుకలో దుంగ అనుకున్న మొసలినీ,
దాన్ని చూస్తూనే నీళ్లు తాగే పుకూ జింకలనీ,
ఏనుగు పేడ ఉండను
వెనక కాళ్లతో తోసుకుపోయే పురుగునీ
ఎవరూ అడగలేదు.
పురుగు కోసం మాత్రం యోతాము దారి మార్చి నడిచాడు.

వంపు దగ్గర జెలిపా మిరపకాయలు ఎండబెడుతోంది.
పేడలో కలిపి కాలిస్తే ఆ ఘాటుకి
ఏనుగులు చేను చుట్టు తిరిగిపోతాయట, కొన్నిసార్లు.
"పోయిన పంటలో పదకొండు బస్తాలు రావాలి,
నాలుగొచ్చాయి. ఏడు ఎవరి పొట్టలోవో రాశావా?"
"ఇది నీటిగుర్రాల లెక్క అక్కా."
"అయితే వాటి పద్దులోనే రాయి.
అవి మాత్రం ఉపవాసం ఉన్నాయా?"
మాకు చెరో గ్లాసు అంబలి పోసింది.
నవ్వలేదు.

రాత్రి గుడారంలో కూడికలు.
దూరంగా ఒక చిరుత
రంపంతో దుంగ కోస్తున్నట్టు.
ఆ తరవాత చాలాసేపు
ఏదీ ఏమీ అనలేదు.
పెన్సిలు పొట్టు నా దుప్పటి మీద.

పొద్దున్న
పొయ్యికీ నా తలగడకీ మధ్య, బూడిదలో,
నాలుగేసి వేళ్ల అడుగులు,
పళ్లెమంత.
గడ్డి కొరుక్కుంటూ వచ్చి వెళ్లినట్టుంది.
యోతాము కూర్చుని చేత్తో కొలిచాడు,
పుస్తకం తెరిచాడు,
కాసేపు చూసి మూసేశాడు.

"నిన్న మునిగింది ఇదే," అన్నాడు.