ఐదో ప్రశ్న

ఐదో ప్రశ్న దగ్గర ఆగిపోయింది కలం.
"జంతువు ఎప్పుడు చనిపోయింది? ఎలా? ఎవరి చేతిలో?
ఆధారం జతచేయండి."

వంటింటి బల్ల మీంచి అది నన్నే చూస్తోంది.
నీటికుక్క మొహం, గాజు కళ్ళు,
ఎడమవైపు మీసంలో మిగిలినవి నాలుగే వెంట్రుకలు.
గడ్డం కింద ఇత్తడి గొళ్ళెం.
గొళ్ళెం తీస్తే ఒకప్పుడు మా నాన్న చిల్లర, పొగాకు,
ఒక ఆదివారం, ప్రార్థన మధ్యలో ఊడిన నా పాలపన్ను.

కిల్టుకి జేబులుండవు.
అందుకని మా మగవాళ్ళు రొండిన ఒక జంతువుని మోస్తారు.
దర్జా ఉన్నవాడికి సీలు తోలు,
బ్యాండులో వాయించేవాడికి గుర్రపు జూలు,
చేతిలో డబ్బాడనివాడికి మేక.
మా ఇంటికి మాత్రం ఇది.

టోర్క్విల్‌కి పందొమ్మిదేళ్ళు. మా తమ్ముడి మనవడు.
శనివారం లోయ అవతల ఆటల పోటీల్లో బ్యాగ్‌పైప్ వాయిస్తాడట,
ముత్తాత సంచి కట్టుకుంటాడట.
"లైసెన్సు లేకపోతే పట్టుకుపోతారు, ఎఫీ నానమ్మా"
అంటూ కాగితాలు నా ముందు పరిచాడు,
నేనే చంపినట్టు.

చట్టం తప్పని నేననను.
నా బడి రోజుల్లో ఈ సముద్రపు పాయ ఒడ్డున
ఏళ్ళ తరబడి తడి ఇసుక మీద ఒక్క కాలిముద్ర లేదు.
పట్నంలో దుకాణం కిటికీకి మాత్రం
మొహాలు వరసగా వేలాడేవి,
చెవులకి ధర చీటీలు కట్టి.

కానీ దీన్ని మా నాన్న వేటాడలేదు.
పీతలకి వేసిన బుట్టలో దూరింది.
లోపలికి దారి తెలిసింది, బయటికి తెలియలేదు.
తాడు బరువుగా వస్తుంటే
ఇవాళ అదృష్టం పండింది అనుకున్నాడట.
మూత తీసి చూస్తే, మెష్‌కి ఆనించి రెండు చిన్న అరచేతులు.
అప్పుడే ఒడ్డు మీంచి కేటీ-ఆన్ కేక:
"మర్డో! ఆడపిల్ల!"

నా ప్రతి పుట్టినరోజుకీ చెప్పేవాడు ఈ కథ,
కేకు కోశాక, గొంతు తగ్గించి.
"నువ్వు ఊపిరి తీసిన పూటే అది ఊపిరి వదిలింది.
నీళ్ళలోకి తిరిగి విసరడానికి చేతులు రాలేదే."
చిన్నప్పుడు భయమేసేది. రాత్రిళ్ళు
దాని మొహాన్ని గోడవైపు తిప్పి పడుకునేదాన్ని.

రాశాను.
ఎప్పుడు: 1951 ఫిబ్రవరి 9, శుక్రవారం, పొద్దున.
ఎలా: మునిగి.
ఎవరి చేతిలో: 'బుట్ట' అని రాసి కొట్టేశాను.
'ఎవరూ కాదు' అని రాసి కొట్టేశాను.
మా నాన్న అయితే తన పేరే రాసేవాడు. అదే రాశాను.
ఆధారం: నా జనన ధృవీకరణ పత్రం.
గుండుసూది గుచ్చి పంపాను.

ఇన్వర్నెస్ నుంచి ఫోను. కుర్ర గొంతు, జలుబు చేసినట్టుంది.
"పొరపాటున మీ సొంత పత్రం వచ్చిందండీ."
పొరపాటు కాదమ్మా, అన్నాను,
దాని చావుకి మిగిలిన దాఖలా నేనే.
చాలాసేపు అటువైపు టైపు చప్పుడు కూడా లేదు.
తర్వాత, "పై అధికారిని అడగాలి" అంది.

లైసెన్సు సోమవారం వచ్చింది. పోటీలు శనివారమే అయిపోయాయి.
టోర్క్విల్ ఎవరిదో మేకతోలు సంచి అరువు తెచ్చుకుని
వానలో శ్రుతి తప్పి వాయించి
ఏడో స్థానంతో వచ్చాడు, చలికి నీలబడ్డ మోకాళ్ళతో.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
దాని గొళ్ళెం వెనక దాచాను,
పాలపన్ను ఉన్నచోట.

ఈ తెల్లవారుజామున, పొయ్యిలోకి బొగ్గు తేబోతే,
పడవల రేవు మెట్ల మీద ఒకటి.
ఒళ్ళంతా తడి, మీసాలు నిండుగా.
పీతని రెండు చేతుల్తో పట్టుకుని
పెంకు పటపటా కొరుకుతోంది,
పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు, ఎవరినీ పట్టించుకోకుండా.

బకెట్టు చప్పుడు కాకుండా గుండెకి హత్తుకుని
నిలబడ్డాను, ఊపిరి బిగబట్టి,
అది తినడం అయ్యేదాకా.