పైనున్న గీతలు

దేవరకొండ బస్టాండు ఎనక వైండింగ్ షాపు.
ఎండకాలం. నా బోరు మోటరు మళ్ళ కాలింది.
రాగితీగ చుడుతూ జంగయ్య అన్నడు:
"ఎక్కువ మెలేస్తే తీగ తనంతల తనే మురి పడతది సారూ."

పొద్దున తొమ్మిదో తరగతిల నేను చెప్పిందీ అదే.
సూర్యుని నల్లమచ్చల కాడ
అయస్కాంత గీతలు మెలిపడి, ఉబ్బి,
తెగి, వేరే జతతో అతుక్కుంటయి.
ఆ తెగుడులోనే మంట.
అన్ని మంటలూ బయటికి దుంకవు.
పైన వంగిన గీతలు గట్టియైతే
లేచిన నిప్పుతాడు
సగం దారిల ఆగి, వచ్చిన చోటికే జారుతది.

"జీతం సోమారం ఇస్త," సేటు. నాలుగో సోమారం.
జంగయ్య స్టూలు మీంచి లేచిండు.
మెడ నరం ఉబ్బింది.
తలపైన గోడకు
బిడ్డ హాస్టలు ఫీజు చీటీ.

కూసున్నడు.

వార్నిషు వాసన.
చుట్టిన తీగ అందుకున్న,
చెయ్యి చురుక్కుమన్నది.